ఒకే ఫ్లాపీని పీసీ, అటారీ ఎస్‌టీ, అమిగా, మాక్‌లలో చదివించడం ఎలా?

ఫ్లాపీ డ్రైవ్‌లోకి చక్కగా దూరింది కదా అని అందులోని ఫైళ్లు వస్తాయనుకోకండి. 3.5 అంగుళాల డీడీ (డబుల్ డెన్సిటీ) డిస్క్ పీసీలో, అటారీ ఎస్‌టీలో, అమిగాలో, పాత మాకింతోష్‌లో ఒకేలా కూర్చుంటుంది. కానీ అదే డిస్క్ మీద పీసీ 720 కేబీ రాస్తే, అమిగా 880 కేబీ, మాక్ 800 కేబీ రాస్తాయి. ఒకటి రాసింది ఇంకొకదానికి ఖాళీ డిస్క్‌లా కనబడుతుంది, వెంటనే "ఫార్మాట్ చేయమంటారా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు ఎప్పుడూ "వద్దు" అనే జవాబివ్వండి. ఫ్లాపీల్లో పోయిన డేటాలో చాలా భాగం ఆ ఒక్క నొక్కుతోనే పోయింది.

తేడాలు మూడు అంచెల్లో ఉంటాయి. అడుగున ఉన్నది భౌతికం: డిస్క్ మీది అయస్కాంతపు పూత, ట్రాక్ (డేటా రాసే వలయం) వెడల్పు. దాని మీద బిట్లను పేర్చే పద్ధతి: ఎంఎఫ్ఎం, జీసీఆర్, ఎఫ్ఎం. అన్నిటికంటే పైన ఫైల్ సిస్టమ్, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో లెక్క పెట్టే పద్ధతి. పై అంచెలో తేడా ఉంటే సాఫ్ట్‌వేర్‌తో సర్దుకోవచ్చు. మధ్య అంచె కంట్రోలర్ చిప్ చేతిలో ఉంటుంది. అడుగు అంచెలో పొరపాటు జరిగితే మాత్రం ఏ ప్రోగ్రామూ కాపాడలేదు. అందుకే కింది నుంచి పైకి పోదాం.

ఈ పనికి మేం సూచించే మార్గం ఒక్కటే. పీసీలో ఫార్మాట్ చేసిన 720 కేబీ డిస్క్‌ను మోతకు, అంటే ఒక యంత్రం నుంచి ఇంకోదానికి ఫైళ్లు మోయడానికి వాడండి. ఎస్‌టీని, అమిగాను, సూపర్‌డ్రైవ్ ఉన్న మాక్‌ను దాన్ని చదివేలా ఒప్పించవచ్చు, అంతకంటే పాత మాక్‌కు మాత్రం మధ్యలో ఇంకో మాక్ కావాలి. మిగతా దారులన్నీ దీనికంటే కష్టం.

డ్రైవ్‌లో పెట్టక ముందు

1. షట్టర్‌ను వేలితో జరిపి లోపలి పొరను వెలుతురులో చూడండి. మధ్య లోహపు చక్రాన్ని మెల్లగా తిప్పుతూ చుట్టూ చూడాలి. తెల్లటి చుక్కలు, మసక మచ్చలు ఉంటే అది బూజు. కోస్తా ఊళ్ల ఉక్కలో, తేమలో ఏళ్ల తరబడి ఉన్న ఫ్లాపీలకు ఇది మామూలే. బూజు డిస్క్‌ను అలాగే పెడితే హెడ్ ఆ మురికిని డిస్క్ అంతా రుద్ది పూతను గీకేస్తుంది. తర్వాత పెట్టే డిస్క్ కూడా ఆ హెడ్ బారినే పడుతుంది.

2. రైట్ ప్రొటెక్ట్ వేయండి. 3.5 అంగుళాల డిస్క్‌లో మూలన ఉన్న చిన్న పలకను జరిపితే కన్నం కనబడాలి. కన్నం తెరిచి ఉంటే రాత కుదరదు. 5.25 అంగుళాల వాటికి ఇది తలకిందులు: పక్కనున్న గాటును స్టిక్కర్‌తో మూసేస్తేనే రక్షణ. విండోస్ 95, 98లు డిస్క్ చదవబోతూ దాని బూట్ సెక్టార్‌లో (డిస్క్ వివరాలుండే మొదటి ముక్కలో) తమ గుర్తు రాసేస్తాయి. కాబట్టి "చదవడమే కదా" అని అశ్రద్ధ చేయవద్దు.

3. అది డీడీనా, హెచ్‌డీనా (హై డెన్సిటీ) తేల్చుకోండి. రైట్ ప్రొటెక్ట్ కన్నానికి ఎదురు మూలన రెండో కన్నం ఉంటే హెచ్‌డీ, లేకపోతే డీడీ.

ఈ మూడో అంశం దగ్గర కాస్త ఆగాలి. పీసీలోని 1.44 ఎంబీ డ్రైవ్, మాక్‌లోని సూపర్‌డ్రైవ్ ఆ రెండో కన్నాన్ని చూసి డిస్క్ రకం నిర్ణయించుకుంటాయి. మామూలు ఎస్‌టీ, అమిగా, మాక్ 800 కేబీ డ్రైవ్‌లకు ఆ కన్నం సంగతే తెలియదు. హెచ్‌డీ డిస్క్ ఇచ్చినా డీడీ అనుకునే రాసేస్తాయి. ఆ డిస్క్ పీసీకి వచ్చినప్పుడు డ్రైవ్ కన్నాన్ని చూసి హెచ్‌డీ వేగంతో చదవబోతుంది, ఏమీ దొరకదు. డిస్క్ పాడైందని పారేయకండి. కన్నం మీద రెండు వైపులా కాంతి చొరబడని టేపు అంటించి మళ్లీ పెట్టి చూడండి. చాలాసార్లు ఫైళ్లు వచ్చేస్తాయి.

అలాగని కొత్తగా రాయడానికి హెచ్‌డీ డిస్క్‌కు టేపు వేసి వాడటం మంచిది కాదు. డీడీ పూతకు అయస్కాంత నిరోధం సుమారు 600 ఆయిర్‌స్టెడ్‌లు, హెచ్‌డీకి 700 పైన. తేడా చిన్నదే కాబట్టి ఇవాళ రాసింది ఇవాళ చదువుతుంది. కానీ సిగ్నల్ బలహీనంగా పడుతుంది, కొన్నాళ్లకు తప్పులు మొదలవుతాయి. ముందు 1.44 ఎంబీగా ఫార్మాట్ అయిన డిస్క్ అయితే మరీ కష్టం, పాత గుర్తులు పూర్తిగా చెరగవు. తప్పనిసరైతే ముందు డీగాసర్‌తో (అయస్కాంతపు గుర్తులను చెరిపే పరికరం) తుడిచి, ఒక్కసారి మోతకు మాత్రమే వాడండి, దాచుకోవడానికి వద్దు.

మోత డిస్క్ తయారీ

అసలైన డీడీ డిస్క్, మదర్‌బోర్డ్ మీద 34 పిన్నుల ఫ్లాపీ సాకెట్ ఉన్న పాత పీసీ, డాస్ లేదా విండోస్ 98 ఉంటే అంతకు మించిన సుఖం లేదు. కింద కమాండ్లను తెలుగు లిపిలో రాశాం, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి.

డాస్ 5, ఆ తర్వాతి వాటిలో: ఫార్మాట్ ఏ: /ఎఫ్:720 /యూ. చివరి యూ ముఖ్యం. అది లేకపోతే ఇదివరకే ఫార్మాట్ అయిన డిస్క్ మీద డాస్ పైపైన జాబితాను తుడిచి ఊరుకుంటుంది. యూ ఇస్తే ప్రతి ట్రాక్‌నూ కొత్తగా రాస్తుంది. డాస్ 3.3లోనూ, విండోస్ ఎక్స్‌పీలోనూ ఎఫ్ బదులు /టీ:80 /ఎన్:9 అని ఇవ్వాలి, అంటే 80 ట్రాకులు, ట్రాక్‌కు 9 సెక్టార్లు.

పూర్తయ్యాక తెర మీద మొత్తం 730,112 బైట్లు అని కనబడాలి. చెడ్డ సెక్టార్ల వరుస ఒక్కటి కనబడినా ఆ డిస్క్ పక్కన పెట్టేయండి.

యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌లతో జాగ్రత్త. 720 కేబీ డిస్క్‌ను కొన్ని చదువుతాయి కానీ ఫార్మాట్ చేయవు, కొన్ని 1.44 ఎంబీ తప్ప దేన్నీ ముట్టవు. లినక్స్‌లో యూఎఫ్ఐఫార్మాట్ అనే ప్రోగ్రామ్ మీ డ్రైవ్ ఏయే పరిమాణాలు ఒప్పుకుంటుందో చూపిస్తుంది. ముందు అది చూసి తర్వాత దిగండి. అమిగా, మాక్ 800 కేబీ డిస్కులు మాత్రం ఏ యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌లోనూ రావు.

అటారీ ఎస్‌టీకి

ఇది అన్నిటికంటే తేలిక. ఎస్‌టీ కూడా ఎంఎఫ్ఎం పద్ధతి, 512 బైట్ల సెక్టార్లు, డాస్ వాడే ఫ్యాట్ ఫైల్ సిస్టమే వాడుతుంది. పీసీలో చేసిన 720 కేబీ డిస్క్‌ను ఎస్‌టీ నేరుగా చదువుతుంది, రాస్తుంది. మినహాయింపు ఒకటుంది: ఎస్‌ఎఫ్354 డ్రైవ్ ఒకే వైపు చదివే రకం. దాని మీద రెండు వైపుల డిస్క్ పనిచేయదు.

ఎస్‌టీలో ఫార్మాట్ చేసిన డిస్క్‌ను పీసీకి తేవడం దగ్గరే చిక్కు. ఎస్‌టీ ఆపరేటింగ్ సిస్టమైన టాస్ 1.0, 1.02 వెర్షన్లు బూట్ సెక్టార్ మొదట్లో పీసీ ఆశించే జంప్ బైట్లను రాయవు, అందుకని పీసీ ఆ డిస్క్‌ను తిరస్కరిస్తుంది. టాస్ 1.04 నుంచి ఈ లోపం పోయింది. మీ ఎస్‌టీలో ఏ టాస్ ఉందో తేలకపోతే ఫార్మాట్ ఎప్పుడూ పీసీలోనే చేయండి.

ఇంకో ప్రమాదం గురించి చాలామందికి తెలియదు. డిస్క్ మారిందో లేదో ఎస్‌టీ బూట్ సెక్టార్‌లోని మూడు బైట్ల క్రమసంఖ్యను చూసి తెలుసుకుంటుంది. సరిగ్గా ఆ స్థానంలోనే డాస్ తన పేరు చివరి అక్షరాలు రాస్తుంది. అంటే ఒకే డాస్‌లో ఫార్మాట్ చేసిన డిస్కులన్నీ ఎస్‌టీకి ఒకే డిస్క్‌లా కనబడతాయి. మొదటి డిస్క్ తీసి రెండోది పెట్టి ఏదైనా కాపీ చేస్తే, మొదటి డిస్క్ ఫ్యాట్ పట్టికను రెండోదాని మీద రాసేసే అవకాశం ఉంది. అందుకే ఎస్‌టీతో పనిచేసేటప్పుడు పీసీ డిస్క్ ఒక్కటే వాడండి. రెండోది తప్పనిసరైతే విండోలన్నీ మూసి, డిస్క్ మార్చి, యంత్రాన్ని రీసెట్ చేశాకే రాయండి.

అమిగాకు

అమిగా సొంత ఫార్మాట్‌ను మామూలు పీసీ కంట్రోలర్ చదవలేదు. రెండూ ఎంఎఫ్ఎం పద్ధతే, కానీ అమిగా ట్రాక్‌లో 11 సెక్టార్లను మధ్యలో ఖాళీ వదలకుండా ఒక్క బిగిన రాస్తుంది. సెక్టార్ శీర్షిక అమరిక కూడా వేరు. పీసీ చిప్ తనకు తెలిసిన శీర్షిక కోసం వెతికి వెతికి వదిలేస్తుంది. ఎదురుదారిలో ఈ బాధ లేదు. అమిగాలో ట్రాక్‌ను విప్పే పనిలో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటుంది కాబట్టి అది పీసీ డిస్క్‌ను హాయిగా చదువుతుంది. అందుకే రాకపోకలు రెండూ 720 కేబీ డిస్క్ మీదే జరపాలి.

1. అమిగా సిస్టమ్ వర్క్‌బెంచ్ 2.1 లేదా ఆ తర్వాతిది ఉండాలి. పీసీ డిస్కులు చదివే క్రాస్‌డాస్ అందులోనే వస్తుంది. 1.3 అయితే విడిగా ఒక ప్రోగ్రామ్ కావాలి.
2. స్టోరేజ్ డ్రాయర్‌లో డాస్‌డ్రైవర్స్ తెరిచి పీసీ0 బొమ్మ మీద రెండుసార్లు నొక్కండి. ఎప్పటికీ ఉండాలంటే ఆ బొమ్మను డెవ్స్ డ్రాయర్‌లోని డాస్‌డ్రైవర్స్‌లోకి లాగండి.
3. డిస్క్ పెట్టగానే రెండు బొమ్మలు రావచ్చు. డీఎఫ్0 పేరుతో ఎన్‌డాస్ అని కనబడేదాన్ని ముట్టుకోవద్దు, అది అమిగా కంటికి కనబడే "తెలియని డిస్క్". రెండోదే మీ పీసీ డిస్క్.
4. కాపీ అయ్యాక డ్రైవ్ లైటు ఆరేదాకా డిస్క్ తీయకండి. అమిగా చివరి రాతను కొంచెం ఆలస్యంగా చేస్తుంది.

ఇక్కడ లెక్క తప్పే చోటు ఒకటుంది. అమిగా డిస్క్ పూర్తి నకలు, అంటే ఏడీఎఫ్ ఫైల్, 901,120 బైట్లు. మోత డిస్క్‌లో పట్టేది 730,112. అంటే నకలు నేరుగా పట్టదు. పీసీలో ఎల్‌హెచ్ఏతో కుదించండి, లేదా ఫైల్‌ను రెండు ముక్కలు చేసి రెండు డిస్కుల్లో తీసుకెళ్లండి. ఎస్‌టీ డిస్క్ నకలు 737,280 బైట్లు, అదీ ఇలాగే కొద్దిలో మిగిలిపోతుంది.

మాకింతోష్‌కు

మాక్ 400 కేబీ, 800 కేబీ డిస్కులు జీసీఆర్ పద్ధతివి. పైగా డ్రైవ్ తిరిగే వేగమే మారుతుంది: బయటి ట్రాకుల్లో నెమ్మదిగా, లోపలికి పోయేకొద్దీ వేగంగా, సుమారు 394 నుంచి 590 ఆర్‌పీఎం వరకు. బయటి 16 ట్రాకుల్లో 12 సెక్టార్లు, లోపలి 16 ట్రాకుల్లో 8 సెక్టార్లు పడతాయి. 300 ఆర్‌పీఎం దగ్గర స్థిరంగా తిరిగే పీసీ డ్రైవ్, ఎంఎఫ్ఎం మాత్రమే తెలిసిన పీసీ చిప్ కలిసి దీన్ని చదవడం కుదరదు. మాకింతోష్ ప్లస్ లాంటి 800 కేబీ యంత్రం పీసీ డిస్క్‌ను చదవడమూ అంతే.

మధ్యలో ఒక యంత్రం కావాలి. 1988లో మాక్ టూఎక్స్‌తో వచ్చిన సూపర్‌డ్రైవ్ 400, 800 కేబీలతో పాటు 720 కేబీ, 1.44 ఎంబీలనూ చదువుతుంది. సిస్టమ్ 7.5లో పీసీ ఎక్స్‌ఛేంజ్ కలిసే వస్తుంది, అంతకు ముందువాటిలో యాపిల్ ఫైల్ ఎక్స్‌ఛేంజ్ వాడాలి. పీసీ నుంచి ఈ మాక్‌కు 1.44 ఎంబీ డిస్క్‌లో, ఈ మాక్ నుంచి పాత మాక్‌కు 800 కేబీగా ఫార్మాట్ చేసిన డీడీ డిస్క్‌లో తీసుకెళ్లండి.

మాక్ ప్రోగ్రామ్‌ను విడిగా డాస్ డిస్క్ మీద పెట్టి పీసీకి తెస్తే దాని రిసోర్స్ ఫోర్క్ (మాక్ ఫైల్‌కు జతగా ఉండే రెండో భాగం) ఊడిపోతుంది, తిరిగి మాక్‌లో పెట్టినా నడవదు. ముందే మాక్‌లో స్టఫిట్ అనే కుదింపు ప్రోగ్రామ్‌తో కట్టి, ఆ కట్టను బిన్‌హెక్స్ లేదా మాక్‌బైనరీ చేసి పంపండి.

5.25 అంగుళాలు: ట్రాక్ వెడల్పు దగ్గర ఉచ్చు

3.5 అంగుళాల్లో డీడీకి, హెచ్‌డీకి ట్రాక్ వెడల్పు ఒకటే. 5.25లో అలా కాదు. 360 కేబీ డ్రైవ్ 40 ట్రాకులు రాస్తుంది, ఒక్కో ట్రాక్ సుమారు 0.33 మిల్లీమీటర్ల వెడల్పు. 1.2 ఎంబీ డ్రైవ్‌కు 80 ట్రాకులు, దాని హెడ్ గీసే గీత అందులో సగమే, 0.16.

1.2 ఎంబీ డ్రైవ్ 360 కేబీ డిస్క్‌ను ఒక ట్రాక్ విడిచి ఒక ట్రాక్ అడుగేస్తూ చక్కగా చదువుతుంది. ఆ డిస్క్ మీద అది రాస్తేనే అసలు గొడవ. వెడల్పాటి ముగ్గు గీతను సన్నటి గుడ్డతో తుడిస్తే రెండు అంచుల్లో ముగ్గు మిగిలిపోయినట్టు, సన్న హెడ్ రాసిన కొత్త డేటాకు పక్కన పాత డేటా ఉండిపోతుంది. రాసిన డ్రైవ్‌లోనే పెడితే అంతా బాగానే చదువుతుంది, అందుకే తప్పు జరిగిన సంగతి తెలియదు. డిస్క్ 360 కేబీ యంత్రానికి చేరాక వెడల్పాటి హెడ్ కొత్తనూ పాతనూ కలిపి వింటుంది, చదువు ఆగిపోతుంది.

360 కేబీ డ్రైవ్ చేతిలో లేక 1.2 ఎంబీ డ్రైవ్‌తోనే రాయాల్సి వస్తే ఇలా చేయండి:

1. డీడీ డిస్క్ తీసుకోండి. 5.25 డిస్కుల్లో రకం చెప్పే కన్నం ఉండదు. మధ్య రంధ్రం చుట్టూ బలానికి అంటించిన రింగు ఉంటే సాధారణంగా డీడీ, లేకపోతే హెచ్‌డీ. ఇక్కడ పూతల తేడా పెద్దది, డీడీకి సుమారు 300, హెచ్‌డీకి 600 ఆయిర్‌స్టెడ్‌లు. హెచ్‌డీ డిస్క్ మీద 360 కేబీ రాత నిలవదు.
2. డిస్క్‌ను డీగాసర్‌తో పూర్తిగా తుడవండి. డీగాసర్‌ను డిస్క్‌కు దూరంగా ఆన్ చేసి, దగ్గరకు తెచ్చి రెండు వైపులా గుండ్రంగా తిప్పి, మెల్లగా చేయి చాపినంత దూరం తీసుకెళ్లాకే ఆపండి. దగ్గర ఉండగా ఆపితే డిస్క్ మీద బలమైన ముద్ర పడిపోతుంది. మిగతా ఫ్లాపీలను కనీసం మీటరు అవతల ఉంచండి.
3. 1.2 ఎంబీ డ్రైవ్‌లో ఫార్మాట్ ఏ: /4 అని, లేదా /ఎఫ్:360 /యూ అని ఇచ్చి ఫార్మాట్ చేయండి. మొత్తం 362,496 బైట్లు కనబడాలి.
4. ఫైళ్లు కాపీ చేసి, గాటుకు స్టిక్కర్ వేసి 360 కేబీ యంత్రానికి ఇవ్వండి. అంచుల్లో పాత గుర్తులు లేవు కాబట్టి సిగ్నల్ కాస్త సన్నగా ఉన్నా చదువుతుంది.
5. ఆ యంత్రం దాని మీద ఒక్కసారి రాసిందా, ఇక 1.2 ఎంబీ డ్రైవ్‌లో రాయవద్దు. మళ్లీ కావాలంటే రెండో అంచె నుంచి మొదలుపెట్టాలి.

ఏ దారీ లేని డిస్కులకు

కమడోర్ 1541 డిస్కులు జీసీఆర్, 35 ట్రాకులు, ట్రాక్‌కు 17 నుంచి 21 సెక్టార్లు. యాపిల్ టూ డిస్కులు కూడా జీసీఆర్, 16 సెక్టార్లు, 140 కేబీ. బీబీసీ మైక్రో డీఎఫ్ఎస్ డిస్కులు ఎఫ్ఎం పద్ధతివి, 256 బైట్ల సెక్టార్లు పది. 1984లో మొదలైన క్లాస్ పథకం కింద మన దేశపు బడులకు వచ్చినవి బీబీసీ మైక్రోలే కాబట్టి, పాత బడి బీరువాల్లో దొరికే 5.25 ఫ్లాపీలు ఈ రకం కావచ్చన్నది గుర్తుంచుకోండి. ఎఫ్ఎం చదవగల పీసీ కంట్రోలర్లు అరుదు.

వీటికి గ్రీజ్‌వీజల్ అనే చిన్న యూఎస్‌బీ బోర్డు వాడండి. అది సెక్టార్ల జోలికి పోదు. డిస్క్ మీద అయస్కాంతపు మార్పులు ఎంతెంత వ్యవధిలో వచ్చాయో కొలిచి కంప్యూటర్‌కు పంపుతుంది, విప్పే పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది. అందుకే మామూలు పీసీ 3.5 డ్రైవ్‌తోనే అమిగా, మాక్ 800 కేబీ డిస్కులు కూడా వచ్చేస్తాయి.

కేబుల్ తగిలించేటప్పుడు యూఎస్‌బీ, కరెంటు రెండూ తీసేయండి. 34 పిన్నుల కేబుల్ తలకిందులుగా పెడితే డ్రైవ్ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది, సరిచేస్తే సరిపోతుంది. కానీ కరెంటు కనెక్టర్‌ను ఒక పిన్ను పక్కకు పెడితే తప్పు తీగలోకి కరెంటు పోయి డ్రైవ్ కాలిపోవచ్చు. 5.25 డ్రైవ్‌కు 12 వోల్టులూ తప్పనిసరి, యూఎస్‌బీ కరెంటు చాలదు.

మొదట ఫ్లక్స్ రూపంలోనే, అంటే ఆ కొలతలను విప్పకుండానే, ఎస్‌సీపీ ఫైల్‌గా దించుకోండి. బలహీనమైన డిస్క్ రెండోసారి చదవకపోవచ్చు, కాబట్టి ఆ ముడి నకలు చేతిలో ఉండాలి. తర్వాత దాన్ని తగిన రూపంలోకి మార్చండి. వచ్చిన ఫైల్ సైజు చూస్తే ఎంచుకున్న ఫార్మాట్ సరైందో కాదో తెలుస్తుంది: 1541 అయితే 174,848 బైట్లు, అమిగా 901,120, మాక్ 800 కేబీ 819,200, పీసీ 360 కేబీ 368,640, 1.44 ఎంబీ 1,474,560. సైజు సరిపోయినా సెక్టార్లలో తప్పులు ఉండొచ్చు, ప్రోగ్రామ్ చూపే ట్రాకుల పటంలో చదవని సెక్టార్ల గుర్తులు వెతకండి. 40 ట్రాకుల డిస్క్‌ను 80 ట్రాకుల డ్రైవ్‌లో చదివితే అడుగు రెండు అని చెప్పడం మరవద్దు.

ఫైళ్లు వచ్చాక

డాస్ డిస్క్ మీద పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు, అంతే. అమిగా, మాక్‌ల పొడుగు పేర్లు కోసుకుపోతాయి. అసలు పేర్ల జాబితా వేరే ఫైల్‌లో రాసి పెట్టండి. పాఠ్యంలో పంక్తి చివర పీసీ, ఎస్‌టీ రెండు గుర్తులు పెడితే, అమిగా, మాక్ ఒక్కొక్కటే, అదీ వేర్వేరు గుర్తు పెడతాయి. దాన్ని మార్చే పని నకలు మీదే చేయండి. పీసీకి భారతీయ లిపులు తెచ్చిన జిస్ట్ కార్డుతో ఇస్కీలో (భారతీయ లిపుల పాత కోడ్) రాసిన తెలుగు ఫైళ్లు ఉంటే మరింత జాగ్రత్త. తెలుగు అక్షరాలన్నీ బైట్‌లోని ఎనిమిదో బిట్ మీద ఆధారపడ్డాయి. ఆ బిట్‌ను తీసేసే పాత పాఠ్య మార్పిడి ప్రోగ్రామ్ ఏదైనా వాడితే తెలుగంతా పోయి ఇంగ్లిష్ చెత్త మిగులుతుంది.

చదవకపోతే

ముందు హెడ్ తుడవండి: 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్ల, మెల్లగా. పై హెడ్‌ను పైకి లాగవద్దు, దాని సన్నటి స్ప్రింగ్ వంగితే డ్రైవ్ పోయినట్టే. డిస్క్ కీచుమన్నా, తుడిచిన దూదికి గోధుమ రంగు పూత అంటినా ఆపేయండి, పూత ఊడుతోందని అర్థం.

శబ్దమేమీ లేకుండా తప్పులు మాత్రం వస్తుంటే ఇంకో డ్రైవ్‌లో ప్రయత్నించండి. హెడ్ వరుస తప్పిన డ్రైవ్ రాసిన డిస్క్ ఆ డ్రైవ్‌లోనే చదువుతుంది. అందుకే పాత యంత్రం దొరికితే దాని సొంత డ్రైవ్‌ను పారేయకుండా గ్రీజ్‌వీజల్‌కు తగిలించి చూడండి. మామూలు పీసీ కేబుల్ మధ్యలో మెలిక ఉంటుంది కాబట్టి డ్రైవ్ మీది ఎంపిక జంపర్‌ను డీఎస్1కు మార్చాలి. మెలిక లేని తిన్నటి కేబుల్ అయితే జంపర్ డీఎస్0 దగ్గర ఉంటే, సాఫ్ట్‌వేర్‌లో డ్రైవ్ 0 అని ఎంచుకోవాలి.